కొరియా రాజుల చరిత్ర మీద తిరుగుతున్న ఫార్వర్డ్: ఏది నిజం, ఏది కోత

మొన్న ఆదివారం పొద్దున్నే మా బాబాయ్ ఫ్యామిలీ గ్రూపులో గుడ్ మార్నింగ్ బొమ్మల మధ్యలో ఒక ఫార్వర్డ్ పెట్టాడు. సాయంత్రానికి అదే ముక్క మా రిటైర్డ్ స్టాఫ్ గ్రూపులో, మర్నాడు అపార్ట్‌మెంట్ గ్రూపులో, ఆఖరికి కొరియన్ సీరియళ్ళు చూసే మా అమ్మాయి ఫోన్లో కూడా కనిపించింది. కుదించి చెప్తా. కొరియాలో జోసన్ వంశం రాజులు 500 ఏళ్ళు ఏలారు, ప్రతి రాజు పక్కనా ఒక చరిత్రకారుడు కూర్చుని అన్నీ రాసేవాడు, ఆ రాసింది ఏ రాజూ ఎప్పుడూ చూడలేదు, అందుకే అందులో ఒక్క అబద్ధం లేదు, ఒక్క అక్షరం ఎవరూ మార్చలేదు, మైనం పూసిన కాగితం కాబట్టి ఒక్క పేజీ పోలేదు. అదే చైనాలో అయితే అందరూ తగలబెట్టడమే, పాత సర్కారు కాగితం ఒక్కటి మిగల్లేదు, ఉన్న ఒక్క మహాగ్రంథాన్నీ ఇంగ్లీషు వాళ్ళు ఒక్క రాత్రిలో బూడిద చేశారు. చెన్‌లాంగ్ చక్రవర్తి ఒక్కడే చదువు మీద ప్రేమతో దేశంలో ఉన్న పుస్తకాలన్నీ కాపీ రాయించాడు. చివర్లో ఇంకో ముక్క, కొరియా వాళ్ళు ఆ ఒరిజినల్స్ ఇప్పటికీ ఎవరికీ చూపించరట.

నేను సర్కారీ ఉద్యోగంలో తొమ్మిదేళ్ళు రికార్డ్ రూమ్‌లో మగ్గినవాణ్ణి. ఎర్ర గుడ్డలో కట్టిన ఫైళ్ళ కట్టలు, అల్మరా కింద చెదల మట్టి, ఆర్.డిస్ అంటే ఎప్పటికీ ఉంచాలి, ఎల్.డిస్ అంటే తొందరగా తీసేయొచ్చు అని అట్ట మీద రాసుకోవడం, వానాకాలం వస్తే కిటికీ పక్క ర్యాకు ఖాళీ చేసుకోవడం, ఇదీ మన బతుకు. కాబట్టి 500 ఏళ్ళలో ఒక్క పేజీ పోలేదు అని ఎవడన్నా అంటే నాకు మాత్రం నమ్మబుద్ధి కాదు. రిటైర్ అయ్యాక మా అమ్మాయి పుణ్యమా అని ఈ కొరియా రాజుల గోల మొదలై, అక్కణ్ణుంచి చైనా దాకా చదువుకుంటూ పోయా. ఇప్పుడు ఒక్కో ముక్కా తీసుకుంటా.

"ఏ రాజూ ఎప్పుడూ చూడలేదు."

సగం నిజం ఇక్కడే ఉంది కాబట్టి ముందు అదే చెప్తా. జోసన్‌లో సాగ్వాన్ అనే చరిత్ర ఉద్యోగులు నిజంగానే ఉన్నారు, ముఖ్యమైనవాళ్ళు ఎనిమిది మంది, ర్యాంకు చూస్తే చిన్న ఉద్యోగాలు, ఏడో తరగతి నుంచి తొమ్మిదో తరగతి దాకా, పరీక్ష పాసైన కుర్రాళ్ళు. రాజు ఎక్కడ మాట్లాడినా వీళ్ళు పక్కన ఉండి చిత్తు రాసుకోవాలి, ఆ చిత్తుని సాచో అంటారు. ఆఫీసులో ఒకటి, సొంత అభిప్రాయాలతో ఇంట్లో ఒకటి. రాజు పోయాక ఒక తాత్కాలిక ఆఫీసు పెట్టి ఈ చిత్తులన్నీ పోగేసి మూడు విడతలు తిరగరాసి, చివరికి తయారయ్యేదే సిల్లోక్, అంటే యథార్థ చరిత్ర. తర్వాత చిత్తులన్నీ రాజధాని సోల్ (మన పేపర్లలో సియోల్) బయట వాగులో కడిగేసేవాళ్ళు. అవును, నీళ్ళలో నానబెట్టి సిరా పోగొట్టి, ఆ గుజ్జుతో మళ్ళీ కాగితం చేసేవాళ్ళు. ఎవరు ఏం రాశారో బయటికి రాకుండా, కాగితం కూడా దండగ కాకుండా.

పైన కుదించేటప్పుడు వదిలేశా కానీ ఫార్వర్డ్‌లో ఒక రాజు గుర్రం మీంచి పడ్డ కథ కూడా ఉంది, అది నిజమే. 1404లో మూడో రాజు తేజోంగ్ వేటకెళ్ళి దుప్పి లాంటి జంతువు వెంట పడితే గుర్రం తూలి కింద పడ్డాడు, దెబ్బ తగల్లేదు, లేచి అటూ ఇటూ చూసి అన్న మొదటి మాట "ఇది సాగ్వాన్‌కి తెలియనివ్వకండి" అని. ఆ మాట కూడా రికార్డులో ఉంది, అదే దీని అందం. అయితే అదే తేజోంగ్ మూడేళ్ళ ముందు, 1401లో, ఇది నేను రెస్ట్ తీసుకునే గది, లోపలికి రావొద్దు అంటే మిన్ ఇన్‌సెంగ్ అనే సాగ్వాన్ వినకుండా వచ్చి "నేను ఉన్నది ఉన్నట్టు రాయకపోతే నా పైన ఆకాశం ఉంది" అన్నాడు, కొన్నాళ్ళకి చాటు నుంచి తొంగి చూస్తూ దొరికిపోయి దేశాంతరం పోయాడు. ఈ రెండో సగం ఫార్వర్డ్‌లో ఉండదు మరి.

ఇంక చూడడం సంగతి. సెజోంగ్, కొరియా అక్షరాలు చేయించిన రాజు, అందరూ దేవుడంటారు కదా, ఆయన 1431లో మా నాన్న సిల్లోక్ ఒకసారి చూస్తా అన్నాడు. మంత్రులు ఏమన్నారంటే, మీరు చూస్తే మీ తర్వాత వచ్చే రాజూ చూస్తాడు, మార్చమంటాడు, అప్పుడు సాగ్వాన్ భయపడతాడు, నిజం ఎవడు రాస్తాడు అని. ఆగిపోయాడు. 1438లో మళ్ళీ అడిగాడు, మళ్ళీ కుదరదన్నారు, మళ్ళీ ఆగాడు. అంటే రూల్ ఎవరూ అడగనంత పవిత్రంగా ఏమీ లేదు, అడిగినప్పుడల్లా ఎవడో ఒకడు కాదని చెప్పాల్సొచ్చేది, చెప్పేవాడు ఉన్నన్నాళ్ళే రూల్ ఉంది.

చెప్పేవాడు గట్టిగా లేనప్పుడు ఏమైందో 1498లో చూడండి. యోన్సాంగున్ రాజు, ముందు రాజు సిల్లోక్ తయారవుతోంది. ఆ పని చూసే పెద్ద ఆఫీసర్లలో ఒకడు యి గుక్‌దోన్, చిత్తులు తిరగేస్తుంటే కిమ్ ఇల్‌సోన్ అనే కుర్రాడు రాసిన సాచోలో తన మీదే రాతలు కనపడ్డాయి, రాణీగారి సంతాప దినాల్లో ఈయన ఆటపాటల ఆడవాళ్ళతో ఉన్నాడని. ఒళ్ళు మండింది. అదే చిత్తులో కిమ్ ఇల్‌సోన్ తన గురువు కిమ్ జోంగ్‌జిక్ రాసిన ఒక శోక వ్యాసం కూడా చేర్చాడు, పైకి చూస్తే ఎప్పుడో చైనాలో షియాంగ్ యు అనే సేనాని చంపించిన ఒక చక్రవర్తి గురించి, లోపల అర్థం మాత్రం యోన్సాంగున్ ముత్తాత తన అన్న కొడుకుని గద్దె దించి చంపించిన సంగతి. కబురు రాజుకి చేరింది. చిత్తులన్నీ తెమ్మన్నాడు. మంత్రులు అన్నీ కాదు స్వామీ, సంబంధం ఉన్న ముక్కలు మాత్రం కత్తిరించి ఇస్తాం అన్నారు, ఇచ్చారు, ఆయన చదివాడు. కిమ్ ఇల్‌సోన్‌ని ముక్కలు చేయించాడు, ఎప్పుడో చచ్చిపోయిన గురువు సమాధి తవ్వించి శవానికి తల నరికించాడు. ఒక్క రాజూ చూడలేదు అని ఫార్వర్డ్ రాసినవాడు ఈ శవం సంగతి ఏం చెప్తాడో మరి.

దానికి ముందే 1469లో ఇంకో గొడవ. సాచో మీద రాసినవాడి పేరు ఉండాలన్నారు. మిన్ సు అనే ఆయనకి గుండె జారింది, పెద్దవాళ్ళ గురించి ఏదేదో రాసేశాడు కదా, దాంతో ఇచ్చిన చిత్తుని గుట్టుగా వెనక్కి తెచ్చుకుని దిద్దేశాడు. దొరికాడు. జేజు దీవికి సర్కారు బానిసగా పంపారు, సాయం చేసిన ఇంకొకడికి తల పోయింది. ఆఫీసులో పాత తేదీ వేసి నోట్ మార్చినవాణ్ణి నేనూ చూశా, వాడికి మెమో ఒక్కటే ఇచ్చారు.

ఇంకో విషయం, చాలా మందికి తెలియదు. రాజులు చదవకూడనిది సిల్లోక్, చదవగలిగినవి వేరే ఉన్నాయి. రాజుగారి సచివాలయం రోజూ రాసే డైరీ, సుంగ్‌జోంగ్వోన్ ఇల్గీ, దాన్ని సర్కారు పనికి రోజువారీ వాడుకునేవాళ్ళు. ఇప్పటికి మిగిలింది 1623 నుంచి 1910 దాకా, 3,243 పుస్తకాలు, అక్షరాల లెక్కలో సిల్లోక్‌కి నాలుగైదు రెట్లు. వాడుకునేది కాబట్టి చెరిపేయడమూ తేలికే. 1762లో యోంగ్జో రాజు సొంత కొడుకుని, యువరాజు సాదోని, బియ్యం పెట్టెలో వేసి చంపించాడు (కొరియన్ సినిమాలు చూసేవాళ్ళకి కొత్త కాదు). 1776లో ఆ చచ్చిపోయినవాడి కొడుకు, తర్వాత జోంగ్జో రాజయ్యే కుర్రాడు, ఏడుస్తూ తాతని అడిగితే ఆ డైరీలో తండ్రి సంగతి ఉన్న భాగాలు వాగులో కడిగించేశారు. ఆ కుర్రాడే అదే ఏడాది గద్దెనెక్కి క్యుజాంగ్‌గాక్ అని రాజ గ్రంథాలయం పెట్టాడు, చాంగ్‌దోక్ ప్యాలెస్‌లో చెరువు పక్కన మేడ, ఇప్పటికీ టూరిస్టులు ఫోటోలు దిగుతారు. పుస్తకాల పిచ్చి ఉన్న మనిషే, బీజింగ్‌కి మనుషుల్ని పంపి 5,000 పైచిలుకు పుస్తకాల సెట్టు వెండి పోసి కొనిపించాడు, పెద్దింటి వాళ్ళ ఉంపుడుగత్తెల పిల్లలని ఎవరూ పెద్ద ఉద్యోగం ఇవ్వని పండితుల్ని తెచ్చి అందులో పెట్టుకున్నాడు. పుస్తకాలు కూడబెట్టినవాడూ నాన్న పేజీలు కడిగించినవాడూ ఒక్కడే.

"ఒక్క అక్షరం మార్చలేదు."

కిమ్ ఇల్‌సోన్ కథ తర్వాత కొరియా దర్బారులో పార్టీలు, అంటే ముఠాలు, పుట్టాయి, అప్పట్నుంచి ఏ పార్టీ గెలిస్తే ఆ పార్టీ వాళ్ళు ఉన్న ఆఫీసులో సిల్లోక్ తయారయ్యేది. సోన్జో రాజు సిల్లోక్ 1616లో పూర్తయింది, ఉత్తర పార్టీ వాళ్ళ చేతుల్లో. 1623లో తిరుగుబాటు, పడమటి పార్టీ వచ్చింది, ఇదేం చరిత్ర, మా పెద్దవాళ్ళనందరినీ తిట్టారు అని 1643లో తిరగరాయడం మొదలెట్టి 1657కి ముగించారు.

తేడా ఎంతో ఒక్క చోట చూపిస్తా. యి ఇ అని, యుల్గోక్ అనే పేరుతో అందరికీ తెలిసిన మహా పండితుడు, ఇప్పుడు కొరియా 5,000 వాన్ నోటు మీద బొమ్మ ఆయనదే. 1584లో పోయాడు. మొదటి సిల్లోక్‌లో ఆయన చావు గురించి ఉన్నది మొత్తం ఏడు చైనా అక్షరాలు, "ఉద్యోగ నియామకాల మంత్రి యి ఇ మరణించెను" అని, అంతే. మనవాళ్ళు పేపర్లో చిన్న బాక్సు ప్రకటన వేసినా ఇంతకన్నా ఎక్కువ రాస్తారు. సవరించిన సిల్లోక్‌లో అదే మనిషికి పొడుగాటి నివాళి, పుట్టిన దగ్గర్నుంచి గుణగణాలు, చదువు, దేశసేవ అన్నీ. ఏది నిజం? రెండూ సర్కారీవే, రెండూ సిల్లోక్‌లే!

ఇది ఒక్క రాజుతో ఆగలేదు. హ్యోన్‌జోంగ్‌కి రెండో సిల్లోక్ 1683లో వచ్చింది, సుక్‌జోంగ్‌కి అనుబంధాలు కలిపారు, గ్యోంగ్‌జోంగ్‌కి 1781లో సవరణ. గద్దె దింపిన యోన్సాంగున్, గ్వాంగ్‌హేగున్‌ల చరిత్రలకి సిల్లోక్ అన్న పేరే ఇవ్వలేదు, డైరీ అన్నారు, అంటే అట్ట మీదే తీర్పు.

కానీ ఇక్కడ వాళ్ళు చేసిన ఒక పని నాకు చాలా నచ్చింది. తిరగరాసినప్పుడు పాతది తగలబెట్టలేదు. రెండూ పక్కపక్కనే పెట్టారు. దానికి ఉదాహరణగా చూపించింది చైనానే, సోంగ్ రాజ్యంలో షెన్‌జోంగ్ చక్రవర్తి చరిత్రని పార్టీలు మారినప్పుడల్లా తిరగరాస్తుంటే పాత మాట నల్ల సిరాలో, కొత్తది ఎర్ర సిరాలో ఉంచిన పద్ధతి. ఫార్వర్డ్‌లో చైనాని తిట్టి కొరియాని పొగిడారు కదా, కొరియావాళ్ళు ఆ మంచి పని నేర్చుకున్నది చైనా దగ్గర. మా ఆఫీసులో నోట్ ఫైల్ మీద కొట్టేసిన లైను చదవడానికి వీలుగా ఉండాలి, వైట్నర్ వాడొద్దు అనేవాళ్ళు, అదే సూత్రం.

"మైనం పూశారు కాబట్టి ఒక్క పేజీ పోలేదు."

ఇది మొత్తం ఫార్వర్డ్‌లో పెద్ద కోత. మొదట్లో నాలుగు చోట్ల సెట్లు పెట్టారు, రాజధానిలో చుంచుగ్వాన్, బయట చుంగ్జు, సోంగ్జు, జోన్జు ఊళ్ళు. 1538లో సోంగ్జు గిడ్డంగి తగలబడిపోయింది, ఎందుకో తెలుసా, సర్కారు బానిసలు పావురాలు పట్టడానికి నిప్పు పట్టుకుని పైకెక్కారు. యుద్ధం లేదు, శత్రువు లేదు, పావురం కూరకోసం పోయింది! మిగతా సెట్లు ఉన్నాయి కాబట్టి చూసి మళ్ళీ తయారు చేసుకున్నారు.

1592లో జపాన్ పాలకుడు హిదెయోషి సైన్యం దండెత్తి వచ్చింది. రాజధాని సెట్టు, చుంగ్జు సెట్టు, సోంగ్జు సెట్టు మూడూ బూడిద. అంతకుముందున్న గోర్యో వంశం సిల్లోక్‌లు కూడా ఈ యుద్ధంలోనే పోయాయి, ఇప్పుడు ఒక్క కాపీ లేదు. మిగిలింది జోన్జు ఒక్కటే, అదెలా మిగిలింది? దగ్గర్లో తేయిన్ అనే ఊళ్ళో ఇద్దరు చదువుకున్న ముసలాళ్ళు, అన్ ఉయ్ వయసు 64, సోన్ హోంగ్‌రోక్ వయసు 56, సైన్యం ఈ వైపు వస్తోందని విని సొంత మనుషుల్ని, బళ్ళని తీసుకుని వెళ్ళి 614 సిల్లోక్ పుస్తకాలు 47 పెట్టెల్లో నేజాంగ్ కొండల్లోకి ఎక్కించారు, గుహ పక్కన ఒక సన్యాసుల కుటీరం దాకా. తర్వాత వంతులేసుకుని కాపలా. కాపలా హాజరు పట్టీ కూడా రాసుకున్నారు (నాకు ఇద్దరి మీదా అభిమానం పుట్టింది ఇక్కడే), కలిసి ఉన్నది 53 రోజులు, అన్ ఉయ్ ఒక్కడే 174, సోన్ హోంగ్‌రోక్ ఒక్కడే 143, మొత్తం 370 రోజులు. సర్కారు జీతం ఒక్క పైసా లేదు. అక్కణ్ణుంచి ఆ పెట్టెలు అసాన్, హేజు, గాంగ్వా దీవి, మ్యోహ్యాంగ్ కొండలు తిరిగాయి. మొదటి 200 ఏళ్ళ జోసన్ చరిత్ర ఇవాళ ఉందంటే ఈ ఒక్క సెట్టు వల్లే.

యుద్ధం అయ్యాక 1603 నుంచి 1606 దాకా దాన్ని చూసి మూడు కొత్త సెట్లు అచ్చేశారు, డబ్బుల్లేక ప్రూఫు కాగితాల సెట్టుని కూడా పారేయకుండా కుట్టి ఐదో సెట్టు చేశారు. ఈసారి తెలివొచ్చింది, ఊళ్ళల్లో వద్దు, కొండల మీద పెడదాం అని. రాజధానిలో పెట్టింది మాత్రం 1624లో యి గ్వాల్ తిరుగుబాటులో మళ్ళీ తగలబడింది. ఆ ప్రూఫుల సెట్టు, దిద్దుబాటు గుర్తులతో సహా, ఒదే కొండ మీద 300 ఏళ్ళు హాయిగా ఉంది, 1913లో జపాన్ పాలకులు టోక్యో యూనివర్సిటీ లైబ్రరీకి పట్టుకెళ్ళారు, 1923 భూకంపంలో కాలిపోయింది, ఎవరో చదువుకోవడానికి బయటికి తీసుకెళ్ళిన 74 పుస్తకాలు మిగిలాయి. లైబ్రరీకి టైముకి తిరిగివ్వని వాళ్ళని తిట్టకండి ఇకమీద. వాటిలో 27 1932లో సోల్ చేరాయి, 47 మాత్రం 2006 దాకా రాలేదు.

ఇంక మైనం. పాత పుస్తకాల కాగితానికి తేనె మైనం పూశారు, పురుగు, తేమ రాకూడదని. వందల ఏళ్ళకి ఆ మైనమే గట్టిపడి, పేజీలు అతుక్కుని, మడిచిన చోట విరిగి, ఇప్పుడు రిపేరు చేసేవాళ్ళకి పెద్ద తలనొప్పి ఆ మైనం పుస్తకాలే. మైనం పూయని తర్వాతి పుస్తకాలు శుభ్రంగా ఉన్నాయి. వాటిని కాపాడింది వేరే. సుమారు మూడేళ్ళకొకసారి రాజధాని నుంచి సాగ్వాన్ ఒకడు కొండెక్కి వచ్చి, వాడు వస్తే తప్ప తాళం తీయకూడదు, పెట్టెలు తెరిచి ఒక్కో పుస్తకం ఎండకీ గాలికీ ఆరబెట్టి, మళ్ళీ సర్దేటప్పుడు మూలికల పొడి ఎర్ర గుడ్డలో కట్టి లోపల పెట్టేవాడు. ఎప్పుడు తీశారు, ఎందుకు తీశారు, ఏ పెట్టెలో ఎన్ని ఉన్నాయి, మొత్తం లిస్టు రాసి సంతకం. ఆ మూలికల్లో ఒకటి చాంగ్‌పో, అంటే మన వస, చంటిపిల్లలకి అరగదీసి నాకించే వస కొమ్మే. మా అమ్మ పట్టుచీరల మధ్య పెట్టేది. చదివి లేచెళ్ళి మా ఆవిడకి చెప్తే, ఇది తెలుసుకోవడానికి కొరియా దాకా పోవాలా అంది.

"చైనాలో అందరూ తగలబెట్టారు, ఒక్క కాగితం మిగల్లేదు."

ముందు ఒక మాట, సిల్లోక్ అన్న పద్ధతే చైనాది, షిలు అంటారు, అక్షరాలు కూడా అవే, చదివే తీరు వేరు. రాజు చూడకూడదు అన్న పట్టుదల కూడా అక్కడిదే. 642లో తాంగ్ తైజోంగ్ చక్రవర్తి, అన్నని తమ్ముణ్ణి చంపి గద్దెనెక్కిన మనిషి, నా గురించి ఏం రాస్తున్నావో చూడొచ్చా అని చు సుయిల్యాంగ్‌ని అడిగితే కుదరదన్నాడు. నేను తప్పు చేస్తే అదీ రాస్తావా అంటే, నా పని కలం పట్టడం, రాస్తాను అన్నాడు. మర్నాటి ఏడే తైజోంగ్ మంత్రి చేత ఆ షిలు తెప్పించుకుని చదివాడు, అన్నదమ్ముల హత్య డొంకతిరుగుడుగా రాశారు, సూటిగా రాయండి అన్నాడు. సూటిగా అంటే తనకి అనుకూలంగా అనుకోండి. మింగ్ వంశం మొదటి చక్రవర్తి షిలుని మూడుసార్లు రాశారు, అన్న కొడుకుని తోసేసి వచ్చిన యోంగ్‌లె చక్రవర్తికి నచ్చేదాకా.

చైనా మొదటి చక్రవర్తి చిన్ షి హువాంగ్ 213 క్రీస్తుపూర్వంలో పుస్తకాలు కాల్పించాడు, అది నిజం. కానీ ఆ ఆర్డరు జనం ఇళ్ళల్లో ఉన్నవాటికి, సర్కారు పండితుల దగ్గరున్న కాపీలకి మినహాయింపు, వైద్యం, వ్యవసాయం, జోస్యం పుస్తకాలకీ మినహాయింపు. సర్కారు కాపీలు పోయింది 206లో, షియాంగ్ యు (పైన శోక వ్యాసంలో వచ్చిన ఆసామీయే) రాజధాని ముట్టించినప్పుడు, మంటలు మూడు నెలలు ఆరలేదని చరిత్రలో రాశారు. దానికి కాస్త ముందే లియు బాంగ్ అనే తిరుగుబాటు నాయకుడి సేన అదే ఊరికి చేరింది, సేనాపతులందరూ బంగారం, పట్టు ఉన్న కొట్లకి పరిగెడితే, షియావ్ హ అనే గుమాస్తా బుద్ధి ఉన్న మనిషి నేరుగా మంత్రి కచేరీకి పోయి పటాలు, జనాభా లెక్కల రిజిస్టర్లు, చట్టాలు మూటగట్టాడు. ఏ జిల్లాలో ఎంత మంది, ఎక్కడ కోట బలం అన్నీ అందులో ఉన్నాయి, లియు బాంగ్ తర్వాత హాన్ వంశం పెట్టాడంటే సగం ఆ రిజిస్టర్ల చలవ. రికార్డ్ రూమ్ మనుషులకి గుడి కడితే మొదటి విగ్రహం ఈయనది పెట్టాలి.

ఒక్క కాగితం మిగల్లేదన్నారు కదా, అప్పటికి కాగితమే లేదు, వెదురు బద్దలు, చెక్క పలకలు. 2002లో హునాన్‌లో లీయే అనే ఊళ్ళో పాత బావి తవ్వితే చిన్ కాలం తాలూకాఫీసు రికార్డులు 36 వేల పైచిలుకు పలకలు దొరికాయి. తపాలా ఏ టైముకి చేరింది, ఎవరు తెచ్చారు, ఖైదీల కూలి, ధాన్యం లెక్క. అందులో ఒక పలక మీద ఎక్కాలు, తొమ్మిది తొమ్ముదులు ఎనభై ఒకటి నుంచి మొదలై కిందికి దిగుతాయి. పుస్తకాలు కాల్పించినవాడి సొంత ఆఫీసు కాగితాలే మిగిలాయి చూడండి, అదీ ఎవరో బావిలో పారేయబట్టి.

కాపాడాలని కట్టినవీ ఉన్నాయి. బీజింగ్‌లో హువాంగ్‌షిచెంగ్ అని 1534 నుంచి 1536 మధ్య కట్టిన రికార్డ్ రూమ్ ఇప్పటికీ నిలబడి ఉంది, దూలం కూడా చెక్క కాదు, మొత్తం రాయి, ఇటుక, కిటికీలు కూడా రాయే, లోపల ఎత్తు అరుగు మీద బంగారు పూత రాగిరేకు కొట్టిన కర్పూరం చెక్క పెట్టెలు నూట యాభైకి పైగా. చైనా సర్కారు కాగితాలకి అసలు గండం వచ్చింది చక్రవర్తులు పోయాక. 1921లో కొత్త రిపబ్లిక్ కింద ఉన్న మ్యూజియం, జీతాలకి డబ్బుల్లేక, చివరి చక్రవర్తుల వంశం చింగ్ కాలం సచివాలయం కాగితాలు 8,000 గోనె సంచులు, దాదాపు 75 టన్నులు, 4,000 వెండి డాలర్లకి చిత్తుకాగితం వ్యాపారికి అమ్మేసింది. లువో జెన్‌యు అనే పండితుడికి తెలిసి 12,000 పెట్టి వెనక్కి కొన్నాడు. ఈ లోపల కొంత గుజ్జైపోయింది, గోనెలు పనికొస్తాయని కాగితాలు గుమ్మరించి సంచులు పట్టుకుపోయినవాళ్ళూ ఉన్నారు. నాకు ఇది చదువుతుంటే, మా ఆఫీసులో కిలో ఇంతని తూకం వేసి పంపించిన కట్టలు గుర్తొచ్చాయి, ఆ రోజు కాటా పక్కన నిలబడ్డవాళ్ళలో నేనూ ఉన్నా.

"ఇంగ్లీషు వాళ్ళు ఒక్క రాత్రిలో బూడిద చేశారు."

ఇది యోంగ్‌లె దాద్యెన్ గురించి, పైన చెప్పిన యోంగ్‌లె చక్రవర్తి చేయించిన విజ్ఞాన సర్వస్వం. 1408లో పూర్తయింది, 11,095 సంపుటాలు, 37 కోట్ల అక్షరాలు, పని చేసినవాళ్ళు రెండు వేల పైనే. ఒక్కటే కాపీ. 1557లో ప్యాలెస్ తగలబడితే జియాజింగ్ చక్రవర్తి ఒక్క రాత్రిలో మూడు నాలుగుసార్లు కబురంపి బయటికి తీయించాడు, ఆ భయంతో రెండో కాపీ రాయించాడు, 109 మంది రాతగాళ్ళు, ఒక్కొక్కడు రోజుకి మూడు పేజీలు, 1567కి ముగిసింది. తర్వాత ఒరిజినల్ ఏమైందో ఇప్పటికీ ఎవరికీ తెలియదు, చక్రవర్తితో పాటు సమాధిలో పెట్టారనే దగ్గర్నుంచి అన్ని రకాల థియరీలూ ఉన్నాయి.

రెండో కాపీ హాన్‌లిన్ విద్యాపీఠంలో ఉండేది. 1773 నాటికే వెయ్యికి పైగా సంపుటాలు లేవు. 1875 నాటికి 5,000 లోపు. 1894లో లెక్కపెడితే 800 పైచిలుకు. అంటే పదివేలకు పైగా పోయింది ఇంగ్లీషువాడి అగ్గిపుల్లకి ముందే. ఎలా? చైనాలో బాగా చెప్పుకునే కథ ఒకటుంది, చలికాలం పొద్దున్నే ఆఫీసర్లు దూది కోటు మూటగట్టి చంకలో పెట్టుకుని లోపలికి వెళ్ళేవాళ్ళట, సాయంత్రం కోటు ఒంటి మీద, మూటలో రెండు సంపుటాలు, గేటు దగ్గర చూసేవాడికి పొద్దున వచ్చిన మూటే. వెన్ తింగ్‌షి అనే పేరున్న పండితుడు ఒక్కడే వంద దాటి పట్టుకెళ్ళాడంటారు. 1900 జూన్‌లో బాక్సర్ల గొడవలో, అంటే విదేశీయుల మీద తిరుగుబాటులో, బ్రిటిష్ ఎంబసీ పక్కనే ఉన్న హాన్‌లిన్ తగలబడింది, మాట నిజం, కానీ నిప్పు పెట్టింది ముట్టడి చేస్తున్న చైనా సైనికులని ఎక్కువమంది రాస్తారు, కాదనేవాళ్ళూ ఉన్నారు, లోపలున్న తెల్లవాళ్ళు దొరికినవి జ్ఞాపికలుగా పట్టుకుపోయిన మాటకి మాత్రం వాదన లేదు. ఇప్పుడు ప్రపంచం మొత్తం మీద 400 పైచిలుకు మిగిలాయి. 2020లో ప్యారిస్ వేలంలో రెండు వచ్చాయి, 5 వేల నుంచి 8 వేల యూరోలు పలుకుతాయనుకుంటే 80 లక్షల యూరోలు దాటాయి.

ఇంగ్లీషువాళ్ళని వెనకేసుకురావడం లేదు, 1860లో ఫ్రెంచివాళ్ళతో కలిసి బీజింగ్ దగ్గర చక్రవర్తి విడిది యువాన్‌మింగ్ తోటల్ని దోచుకున్నారు, తర్వాత తగలబెట్టింది వాళ్ళే, అందులో వేరే మహాగ్రంథం కాపీ ఒకటి పోయింది. అది కింద చెప్తా.

"చెన్‌లాంగ్ చదువు మీద ప్రేమతో అన్నీ కాపీ చేయించాడు."

ఆ కాపీల సంకలనం పేరు సికు చువాన్‌షు. 1773లో మొదలెట్టారు, 3,400 పైచిలుకు గ్రంథాలు, 36 వేల సంపుటాల సెట్టు, అలాంటివి ఏడు, అన్నీ చేతిరాతే. ప్రేమ ఉంది, కాదనను. కానీ ఇంటింటి నుంచి పుస్తకాలు తెప్పించి చూసే అదే పనిలో, తమ మంచూ వంశానికి (చింగ్ అన్నా అదే) తగలేలా ఉన్నవి అని దాదాపు 3,000 గ్రంథాలు ఏరి కాల్పించాడు. 1777లో వాంగ్ షిహోవ్ అనే పల్లెటూరి పండితుడు నిఘంటువు రాసి చక్రవర్తుల పేర్లు గౌరవానికి ఒక గీత కూడా వదలకుండా పూర్తిగా రాశాడని తల తీయించాడు. ఎంత చేర్చాడో దాదాపు అంత తీసేశాడు.

ఆ ఏడు సెట్లలో ఒకటి 1860లో యువాన్‌మింగ్‌లో కాలింది, రెండు తైపింగ్ తిరుగుబాటులో యాంగ్జో, జెన్‌జియాంగ్‌ల దగ్గర పోయాయి. హాంగ్జో సెట్టు 1861లో చెల్లాచెదురైంది. ఊళ్ళోంచి పారిపోయిన డింగ్ షెన్, డింగ్ బింగ్ అనే అన్నదమ్ములు పక్క ఊరి సంతలో తినుబండారాలు కొంటే పొట్లం కట్టిన కాగితం మీద ఎర్ర గళ్ళు, అందమైన చేతిరాత. విప్పి చూస్తే సికు పేజీ. మనుషుల్ని పెట్టి రాత్రిళ్ళు ఏరించి, డబ్బులిచ్చి కొని, పోయినవి వేరే కాపీలు చూసి మళ్ళీ రాయించి, ఏళ్ళ తరబడి అదే పని.

"ఒరిజినల్స్ ఇప్పటికీ ఎవరికీ చూపించరు."

దీనికి ఎక్కువ అక్కర్లేదు. సిల్లోక్ మొత్తం 1,893 సంపుటాలు, 1392 నుంచి 1863 దాకా 25 మంది రాజులు, 1997లో యునెస్కో లిస్టులో పెట్టారు. ఉత్తర కొరియా వాళ్ళు ఒక అనువాదం చేశారు, దక్షిణం వాళ్ళు 1968 నుంచి 1993 దాకా కూర్చుని ఇంకోటి చేశారు, 1995లో సీడీ, ఇప్పుడు నెట్‌లో ఫ్రీ, పాత చైనా భాష ఒక పక్క, కొరియన్ ఒక పక్క, ఎవరైనా వెతుక్కోవచ్చు. ఒదే కొండ కింద 2023లో మ్యూజియం తెరిచారు, టోక్యో నుంచి బతికొచ్చినవి అక్కడే చూపిస్తున్నారు. చూపించని గొడవ ఏదన్నా ఉందంటే అది వేరే వైపు, 1866లో ఫ్రెంచి నౌకలు గాంగ్వా దీవిలోని రాజ గ్రంథాలయం కొల్లగొట్టి వేల పుస్తకాలు కాల్చి మూడొందల పైచిలుకు పట్టుకుపోయాయి. పార్క్ బ్యోంగ్‌సోన్ అనే ఆవిడ ప్యారిస్ జాతీయ లైబ్రరీలో పనిచేస్తూ 1975లో వాటిని కనిపెట్టింది. 2011లో 297 సోల్‌కి వచ్చాయి, సొంతంగా కాదు, ఐదేళ్ళకొకసారి రెన్యూవల్ చేయించుకునే అప్పు మీద.

ఇదంతా బాబాయ్‌కి గ్రూపులో కాకుండా విడిగా పంపా. ఇప్పుడే చూశాడు, అంత పెద్దది చదవలేను, ఫోన్ చేసి చెప్పు అన్నాడు.